బన్నమ్మకి ఆపరేషనైన వానాకాలం

మా అత్తయ్యని వీధి వీధంతా బన్నమ్మ అనే పిలుస్తుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. మా బేకరీలో బన్నులు బాగుంటాయని ఆ పేరొచ్చిందని కొందరంటారు. ఆవిడే బన్నులా గుండ్రంగా, మెత్తగా ఉంటుందని ఇంకొందరంటారు. "రెండూ నిజమే, దాచేదేముంది అందులో!" అని ఆవిడ పకపకా నవ్వేస్తుంది. ఈవిడకి ఏదీ దాచడం చేతకాదని అందరం అనుకునేవాళ్ళం. నేను కోడలిగా వెళ్ళిన మొదటి వానాకాలంలో ఆవిడకి ఆపరేషనైంది. ఎంత గట్టిగా దాచగలదో అప్పుడు తెలిసింది.

కింద బేకరీ, పైన ఇల్లు. వెనక గదిలో పొయ్యి దగ్గర మావయ్య. ముందు గల్లా దగ్గర అత్తయ్య. సరుకు వేసుకుని షాపులకి తిరిగే వ్యాను మా ఆయనది. మావయ్య మాట్లాడగా నేను విన్నది తక్కువ. దేనికైనా "ఊఁ" అంటారు. ఆ ఊఁలలో ఒప్పుకున్న ఊఁ, ఒప్పుకోని ఊఁ, వినిపించుకోని ఊఁ అని తేడాలున్నాయని, పోనుపోను తెలుస్తాయని అత్తయ్య నాకు మొదటి వారంలోనే పాఠం చెప్పింది. ఆయన వాటా మాటలు కూడా ఆవిడే వాడేసేది.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. బండి మీద పెద్ద ఎర్రటి ఎల్ బోర్డు, నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు. అత్తయ్య ఆ బండి ఎక్కనని ఒట్టేసుకుంది.

"రెండో బ్రేకు దేనికి పెట్టారే?"

"నేర్చుకునేవాళ్ళు తొక్కడం మర్చిపోతే నేను తొక్కడానికి అత్తయ్యా."

"అదీ సంగతి! మర్చిపోయేవాళ్ళు ఎక్కే బండన్నమాట. నేను నడిచే వెళ్తా."

ఒక మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేని వేళ, నేను భోజనానికి వచ్చేసరికి ఆవిడ పిండి బస్తా మీద కూలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు పాలిపోయాయి. నేను కంగారుగా పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, ముందు వెనక గదివైపు చూసి, గొంతు తగ్గించింది.

"నెలనెలా అయ్యేదే. కాస్త ఎక్కువ పోతోంది. అంతే."

"కాస్త అంటే?"

"కాస్తంటే కాస్తే. పది రోజులు, పన్నెండు రోజులు. గడ్డలు గడ్డలుగా. ఒక రెండేళ్ళ నుంచి. ఈ వయసులో మామూలేనట."

"ఎవరన్నారు మామూలని?"

"ఎవరంటారు? నేనే అనుకున్నా."

"మావయ్యకి తెలుసా?"

అదేదో కూడని మాటయినట్టు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మగాళ్ళకెందుకే ఇవన్నీ! ఆయనకి తెలిస్తే నేను తల ఎక్కడ పెట్టుకోను? వాడికైతే అసలు తెలియకూడదు." వాడంటే మా ఆయన.

బతిమాలి, బామాలి, ఆఖరికి తిండి మానేస్తానని బెదిరించి ఆవిడని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. ఆటోలోనే లెండి. డాక్టరమ్మ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. గర్భసంచిలో గడ్డలున్నాయంది, ఒంట్లో రక్తం సగానికి సగం పడిపోయిందంది. ముందు ఐరన్ ఇచ్చి రక్తం పెంచాలి, ఆ తర్వాత గర్భసంచి తీసేస్తే మంచిదంది. ఇంట్లో అత్తయ్య ఈ కథంతా మడిచి మడిచి చిన్నది చేసి, "కడుపులో చిన్న గడ్డట, తీసేస్తారట" అని చెప్పింది. మావయ్య "ఊఁ" అన్నారు. అది ఏ రకం ఊఁ నో అప్పటికి నాకు పట్టుబడలేదు.

వానలు మొదలయ్యాక ఆపరేషనైంది. ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ మంచం అంచున కూచుని ఒక్కొక్కటే చెప్పింది. బరువులెత్తకూడదు. మెట్లు రోజుకి ఒకసారి దిగి, ఒకసారి ఎక్కితే చాలు. కొద్దిగా మరక కనపడితే భయపడక్కర్లేదు.

"కానీ ఎర్రగా కొత్త రక్తం పోయినా, జ్వరం తగిలినా, చెడు వాసన వచ్చినా వెంటనే వచ్చెయ్యాలి. ఫోన్ చేసి అడుగుదాం, రేపు చూద్దాం అనుకోవద్దు. లోపల కుట్టేసి మూసిన చోటు మానుతున్నప్పుడే కొందరికి రక్తం మొదలవుతుంది. అంతా బాగుందనుకున్న రెండో వారంలోనే."

అత్తయ్య బుద్ధిమంతురాలైన పిల్లలా తలూపింది.

ఇంటికొచ్చాక మొట్టమొదట బీరువా తెరిచి, తన దగ్గర మిగిలిన శానిటరీ ప్యాడ్ల పాకెట్లన్నీ నా ఒళ్ళో పోసింది. "ఇదిగోనే, నా ఆస్తి. అంతా నీ పేరనే రాసేశా. నాకిక వీటి మొహం చూసే పన్లేదు!" అంటూ, కుట్లు లాగుతున్నా సరే నవ్వింది. ఆ మొహం చూడాలి! జైల్లోంచి విడుదలైన మనిషి మొహం.

ఆ మొదటి వారం మా ఇల్లు సందడిగా ఉంది. ఆవిడ పై గదిలో మంచం మీద పడుకుని కింద కొట్టు నడిపింది. గరిటెతో గ్లాసు మీద ఒకసారి కొడితే నేను రావాలి. రెండుసార్లు కొడితే మా ఆయన రావాలి. ఆగకుండా కొడితే ఊరికే తోచట్లేదని అర్థం. ప్రతి వాయిలో మొదటి బన్ను పైకి పంపాలి. కొరికి, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పేది.

"వానకి పిండి సరిగ్గా పొంగలేదు. ఇంకో అరగంట ఆగమను మీ మావయ్యని."

నేను దిగి ఆ కబురు చెప్పేదాన్ని. "ఊఁ" అనేవారాయన. మళ్ళీ ఎక్కి, "ఊఁ అన్నారు" అని చెప్పేదాన్ని. "ఎలాంటి ఊఁ?" అని అడిగేది. పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం కన్నా కష్టం.

రెండో వారం మొదలయ్యేసరికి గరిటె చప్పుడు తగ్గింది. ఒకరోజు పైకి పంపిన బన్ను పంపినట్టే ఉండిపోయింది. "తలనొప్పే, వానగాలికి" అంది. ఆ రోజే నా బీరువాలో ప్యాడ్ల పాకెట్ పల్చబడటం చూశాను. నాకు నెల రావడానికి ఇంకా టైముంది. నేను తీసింది లేదు.

"అత్తయ్యా, మీరేమైనా తీశారా?"

"నాకెందుకే! నీ మతిమరుపు నువ్వు చూసుకో. వాడేసి మర్చిపోయుంటావ్."

ఎంత దర్జాగా అందంటే, నా మతిమీద నాకే అనుమానం వచ్చింది. సాయంత్రం ఆవిడ గదిలోకెళ్తే గుప్పుమని పౌడరు వాసన. మెడ నిండా, పక్క నిండా పౌడరే.

"ఏంటత్తయ్యా, ఎక్కడికైనా పెళ్ళికి వెళ్తున్నామా?"

"ఉక్కపోస్తోందే."

బయట హోరున వాన. చల్లగాలి. ఉక్క ఎక్కడుంది? ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఇంతలో కింద నుంచి ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం నేను పాఠాలు ముగించుకుని వచ్చేసరికి కొట్టు కిక్కిరిసి ఉంది. సగం మంది బన్నుల కోసం, సగం మంది వాన తగ్గేదాకా తలదాచుకోవడం కోసం. మా ఆయన వ్యాను తీసుకుని దూరం షాపులకి వెళ్ళాడు. మెట్లెక్కాను. అత్తయ్య మంచం మీద లేదు. బాత్రూం తలుపేసి ఉంది, లోపల కుళాయి ధారగా పడుతోంది. బకెట్ నిండి పొర్లిపోతున్న చప్పుడు.

"అత్తయ్యా!"

"వస్తున్నా. నువ్వెళ్ళి తిను."

అది ఆవిడ గొంతు కాదు. ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

"తలుపు తియ్యండి."

"ఏం లేదే..."

"తీస్తారా, పగలగొట్టమంటారా?"

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తోశాను. ప్లాస్టిక్ స్టూలు మీద గోడకి జారబడి కూచునుంది. నైటీ కింది సగం ఎర్రగా తడిసిపోయింది. కుళాయి నీళ్ళు నేలమీద నెత్తుటిని కాలవలోకి తోస్తున్నా, స్టూలు కింద మళ్ళీ మళ్ళీ కొత్తది చేరుతోంది.

"కాసేపాగితే తగ్గుతుందే. ఇందాక కూడా తగ్గింది."

"ఇందాకేంటి! ఎప్పటి నుంచి?"

"పొద్దున కొంచెం. నిన్న ఇంకొంచెం... మొన్న మరకే." నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుగడ్డ. "మీ మావయ్యకి చెప్పకే. కొట్టు నిండా జనం ఉన్నారు. కాస్త పడుకుంటే సర్దుకుంటుంది. నా తల్లివి కదూ. ఒట్టు."

ఇన్ని నెలల్లో ఆవిడ నన్ను అడిగిన ఒకే ఒక్క సాయం, ఆ రహస్యం దాచిపెట్టడం. దాచాను కూడా. ఆ స్టూలు మీద ఆవిడ మొహం చూశాక మాత్రం ఇక నావల్ల కాలేదు. తువ్వాలు మడిచి ఆవిడ కాళ్ళ మధ్య గట్టిగా పెట్టి, పట్టుకోమని చెప్పి, మెట్ల దాకా పరిగెత్తాను.

"మావయ్యా!" అని అరిచాను. కొట్లో జనం అంతా తలలెత్తారు. వెనక గదిలో పొయ్యి హోరుకి ఆయనకి వినపడదని ఇంకా గట్టిగా అరిచాను. "మావయ్యా! అత్తయ్యకి కింద నుంచి రక్తం పోతోంది! గర్భసంచి తీసేసిన చోట నుంచి! ఆగట్లేదు! హాస్పిటల్‌కి వెళ్ళాలి!"

బన్నుల సంచులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే నిలబడిపోయారు. నా వెనక గదిలోంచి అత్తయ్య, "అయ్యో, అయ్యో, నా పరువు తీశావే!" అని సన్నగా ఏడవడం వినపడింది.

మావయ్య చేతుల నిండా పిండితో వచ్చారు. రెండేసి మెట్లు ఒక్కో అంగలో ఎక్కారు. ఏమైందని అడగలేదు. బాత్రూంలోకి వెళ్ళి ఆవిడని చూసి, మంచం మీది దుప్పటి లాగి చుట్టబెట్టారు. వంటింట్లోంచి కుర్చీ తెచ్చి అందులో కూచోబెట్టారు. "అటు పట్టండి" అని కిందకి కేకేస్తే, ఎదురుషాపు సైకిల్ మెకానిక్ పైకొచ్చి కుర్చీ రెండోవైపు పట్టాడు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఎవరో ఒకావిడ గొడుగు పట్టింది. వేరే బండి కోసం చూసే వ్యవధి లేదు. గుమ్మం ముందు ఆపిన నా ఎల్ బోర్డు బండి తలుపు తీశాను.

వెనక సీట్లో మావయ్య ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. కాళ్ళ కింద దిండ్లు పెట్టాం. హారన్ మోగిస్తూ, లైట్లు వేసుకుని పోతుంటే, ఎల్ బోర్డు చూసి బండ్లన్నీ భయపడి వాటంతట అవే పక్కకి జరుగుతున్నాయి.

"నీ బండి ఎక్కనని ఒట్టేసుకున్నా కదే," అంది వెనక నుంచి, వినీ వినపడనట్టు. "లేవలేని టైము చూసి ఎక్కించేశావ్."

"బాగయ్యాక తిడుదురుగాని."

"ఆ బ్రేకులు... రెండూ పని చేస్తాయా?"

"చేస్తాయత్తయ్యా."

తర్వాత ఏమీ అనలేదు. ఆవిడ నోరు మూతపడటం నేను అప్పటిదాకా చూడలేదు. అద్దంలోంచి చూస్తే కళ్ళు మూతలు పడుతున్నాయి. మావయ్య ఆవిడ చెంప మీద తట్టారు. తట్టినచోటల్లా పిండి అంటుకుంది.

"మాట్లాడు," అన్నారాయన. "ఏదో ఒకటి. మాట్లాడుతూనే ఉండు."

అత్తయ్య కష్టపడి కళ్ళు తెరిచింది. "చూశావటే? ఇన్నేళ్ళకి... ఈ మనిషి నన్ను మాట్లాడమన్నాడు."

హాస్పిటల్ గుమ్మంలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే నర్సులు ముసురుకున్నారు. రెండు చేతులకీ సూదులు పెట్టి సెలైన్ వదిలారు. రక్తం పరీక్షకి తీశారు, బీపీ చూశారు. బాగా పడిపోయిందని ఒకరితో ఒకరు చెప్పుకోవడం విన్నాను. డాక్టరమ్మ పరుగు లాంటి నడకతో వచ్చి, తెర లాగి, లోపల పరీక్ష చేస్తూనే మమ్మల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

"ఎప్పటి నుంచి?"

"మొన్న మరక, నిన్నటి నుంచి రక్తం," అన్నాను.

"జ్వరం?"

నాకు తెలీదు. తల అడ్డంగా ఊపబోతున్నాను.

"ఉంది," అన్నారు మావయ్య. తెర ఇవతల, గోడ పక్కన నిలబడి ఉన్నారు. "నాలుగు రోజుల నుంచి రాత్రిళ్ళు ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. తెల్లారేసరికి చెమట పట్టి తగ్గుతోంది. వాసన కూడా వస్తోంది. పౌడరు జల్లుకుంటోంది."

డాక్టరమ్మ తల బయటపెట్టి ఆయన వైపు చూసింది. "మేమిచ్చినవి కాక ఇంకేమైనా మందులు వేసుకుందా?"

"తలనొప్పి బిళ్ళలు. గల్లా సొరుగులో ఉంటాయి. ఆస్పిరిన్. పొద్దునొకటి, రాత్రొకటి."

"ఆస్పిరిన్!" డాక్టరమ్మ నర్సుకేసి తిరిగి ఏదో చెప్పింది. ఆ నర్సు పరుగెత్తింది. "రక్తం గడ్డకట్టకుండా చేస్తుందది. చెప్పడం మంచిదైంది. ఇదివరకు నెలసరిలో ఎక్కువ పోవడం రెండేళ్ళ నుంచే కదా?"

"అవునండీ," అన్నాను నేను.

"ఆరేళ్ళు," అన్నారు మావయ్య.

తెర వెనక అత్తయ్య దగ్గర్నుంచి చిన్న చప్పుడు వచ్చింది. ఏడుపో, దగ్గో తెలియలేదు. మావయ్య తన చేతుల వైపు చూసుకుని, ఎండిపోయిన పిండిని గోళ్ళతో గీకడం మొదలుపెట్టారు.

డాక్టరమ్మ కాసేపటికి బయటికొచ్చి విడమరిచి చెప్పింది. గర్భసంచి తీశాక లోపల కుట్టి మూసిన చోట ఇన్‌ఫెక్షన్ చేరింది. అక్కడ ఒక రక్తనాళం తెరుచుకుంది. ప్రస్తుతానికి లోపల గాజ్ పట్టీ గట్టిగా కుక్కి ఒత్తిడి పెట్టాం, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాం, రక్తం ఎక్కిస్తున్నాం. చాలామందికి దీంతోనే ఆగుతుంది. ఆగకపోతే థియేటర్‌కి తీసుకెళ్ళి, మత్తిచ్చి, ఆ నాళం పట్టుకుని కుట్టాలి.

"బరువేమైనా ఎత్తిందేమో, మేం చూసుకోలేదేమో..." అని నేనంటుంటే భుజం మీద చెయ్యేసింది.

"ఎవరో ఏదో చేసి అయింది కాదమ్మా ఇది. నేను ఎంత బాగా కుట్టినా కొందరికి అవుతుంది. అయినప్పుడు ఎంత త్వరగా వచ్చారన్నదే లెక్క. ఇంకాస్త ఆలస్యం చేసుంటే నేను చెప్పే మాటలు వేరేగా ఉండేవి."

మా ఆయన తడిసి ముద్దయి అప్పుడే వచ్చాడు. "ఏమైంది? ఏం ఆపరేషన్? గడ్డే కదా తీశారు?" అని ఆయాసపడుతూ అడిగాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. గర్భసంచి అన్నాను. నెలసరి అన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి, చూపులు నేలకి దిగాయి, "సరేలే, సరేలే" అని అక్కడికి ఆపెయ్యబోయాడు.

"విను," అన్నారు మావయ్య. "మీ అమ్మది. పూర్తిగా చెప్పనీ."

పూర్తిగా చెప్పాను. అతను పూర్తిగా విన్నాడు. విని, ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎవరి రక్తం పనికొస్తుందో కనుక్కోవడానికి బ్లడ్ బ్యాంక్ వైపు వెళ్ళాడు.

చీకటి పడకముందే నర్సు వచ్చి పట్టీ తడిసిపోయిందని చెప్పింది. ఆగలేదు. థియేటర్‌కి తీసుకెళ్ళేముందు డాక్టరమ్మ అత్తయ్య మీదికి వంగి, చెయ్యబోయేదంతా ఆవిడకే చెప్పి, ఆవిడ దగ్గరే సమ్మతి తీసుకుంది. అత్తయ్య తలూపి, నా కోసం వెతుక్కుని, సైగ చేసింది. చెవి దగ్గర పెట్టాను.

"మీ మావయ్య పొయ్యిలో వాయి వదిలేసి వచ్చారు. మాడిపోయుంటుంది. ఎవర్నైనా చూడమను."

తలుపులు మూసుకున్నాయి. వరండాలో బెంచీ మీద నేనూ మావయ్యా మిగిలాం. అద్దాల మీద వాన జారుతోంది. ఎప్పుడూ మౌనంగా ఉండే మనిషి పక్కన అంత భారంగా కూచోవడం నాకు అదే మొదలు. చాలాసేపటికి నేనే అడిగాను.

"మీకెలా తెలుసు మావయ్యా?"

"ఊఁ," అన్నారు. ఇక చెప్పరనుకున్నాను. చెప్పారు. "కొట్లో గల్లా ముందు కుర్చీ. లేచేటప్పుడల్లా వెనక్కి తిరిగి చూసుకునేది. నల్లగుడ్డతో దిండు కుట్టించి వేశాను. ఎండకి కుర్చీ రంగు వెలుస్తోంది, అందుకని అన్నాను."

"ఊఁ" అన్నాను నేను, ఆయనలాగే.

"బస్తా ఎత్తితే ఎక్కువవుతోందని కనిపెట్టాను. నాకు నిద్రపట్టట్లేదని చెప్పి ముందే లేచి, నేనే ఎత్తిపెట్టేవాణ్ణి. దుప్పట్లు తను లేచి చూసుకునేలోపే నీళ్ళలో వేసేసేవాణ్ణి. ఎలుకలు తిరుగుతున్నాయి, మురికి అన్నాను." గోటికి మిగిలిన పిండి గీక్కున్నారు. "ఇంట్లో ఎలుకల్లేవు."

"ఒక్కసారి అడగాల్సింది కదా మావయ్యా."

"దాచుకుంటోంది కదా. దాచుకోనిద్దాం అనుకున్నాను. అదే గౌరవం అనుకున్నాను." తుండుతో మొహం తుడుచుకున్నారు. "ఆరేళ్ళలో ఒక్కరోజు అడిగి ఉంటే ఇంత రక్తం పోయేది కాదు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. పొయ్యి దగ్గర కాలిన మచ్చలతో, కట్టెలా గట్టిగా ఉంది.

డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉంది. "దొరికింది. కుట్టేశాను. ఆగింది," అంది. మూడు మాటలు. మావయ్య లేచి నిలబడి దణ్ణం పెట్టారు.

మరుసటి రోజు లోపలి పట్టీ తీశారు. తీసిన తర్వాత మేమంతా అక్కడే కూచున్నాం. నర్సు గంటగంటకీ వచ్చి చూసి వెళ్తోంది. సాయంత్రానికి, "పొడిగా ఉంది" అంది. అంత చల్లటి మాట నేను ఆ వానాకాలంలో ఇంకోటి వినలేదు.

అత్తయ్య మాత్రం నాతో పలకలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. మావయ్య తినిపిస్తే తింది, మా ఆయన కబుర్లు చెబితే వింది, నేను దగ్గరికెళ్తే కళ్ళు మూసుకుంది. కొట్టు నిండా జనం ముందు ఆ మాటలన్నీ అరిచినందుకు. బతికించినందుకు కృతజ్ఞత తర్వాత సంగతి, ముందు పరువు లెక్క తేలాలి.

వీధిలో ఆడవాళ్ళు చూడ్డానికి రావడం మొదలుపెట్టాక గాని ఆ కోపం దిగలేదు. మొదట వచ్చింది ఆ రోజు గొడుగు పట్టినావిడ. ఎలా ఉందని అడిగి, అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "నాక్కూడా బన్నమ్మా, ఏడాదిగా..." అని గుసగుసగా మొదలుపెట్టింది. ఆ తర్వాత స్కూలు టీచరు. ఆ తర్వాత మెకానిక్ భార్య. అందరూ పరామర్శకే వచ్చారు, అందరూ వెళ్ళేముందు తలుపువైపు చూసి గొంతు తగ్గించారు. మెకానిక్ భార్య వెళ్ళాక అత్తయ్య చాలాసేపు పైకప్పుకేసి చూస్తూ పడుకుంది.

"ఏమే," అంది చివరికి. నన్నే.

"చెప్పండత్తయ్యా."

"మన వీధిలో ఇంతమందికి ఇంత రక్తం పోతోందని నాకు తెలీదే. రోజూ బన్నులిస్తూనే ఉన్నా." నా వైపు తిరిగింది. "ఆ టీచరమ్మని రేపు నీ బండిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకురా. రానంటే బన్నులు ఆపేస్తానని చెప్పు."

అలా నా మీద కోపం పోయింది.

వానలు వెనకబడి, పొద్దున పూట ఎండ మొహం చూపిస్తున్న రోజుల్లో ఆఖరి పరీక్షకి వెళ్ళాం. ఈసారి మావయ్య వరండాలో ఆగలేదు. శుభ్రంగా గడ్డం గీసుకుని, మా వెనకే లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని కూచున్నారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, పూర్తిగా మానిపోయిందనీ, రక్తం కూడా బాగా పెరిగిందనీ చెప్పింది.

"ఇంకేమైనా అడగాలా?"

అత్తయ్య లేదని తలూపింది. మావయ్య గొంతు సవరించుకున్నారు.

"మళ్ళీ రక్తం పడే ప్రమాదం ఉందా?"

"ఇక లేనట్టే. పడితే మాత్రం ఒక్క చుక్కైనా రండి."

"బస్తా ఎత్తచ్చా?"

"ఇంకో రెండు నెలలు వద్దు."

"నేను ఎత్తనివ్వను. ఐరన్ బిళ్ళ పాలతో వెయ్యచ్చా? మలబద్ధకం వస్తోంది, దానికేం చెయ్యాలి?" ఒకదాని తర్వాత ఒకటి, ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. నేనూ అత్తయ్యా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. "ఇంకోటి. మేం భార్యాభర్తల్లాగా... ఎప్పటి నుంచి..."

"ఏమండీ!" అత్తయ్య రెండు చేతుల్తో మొహం కప్పేసుకుంది. "కోడలు ఇక్కడుంది!"

కోడలు అప్పటికే తలుపు తీసుకుని బయట పడింది. లోపల డాక్టరమ్మ తొణక్కుండా జవాబు చెబుతుంటే, అత్తయ్య నవ్వు వరండా దాకా వినపడింది. కుట్లు లాగుతాయన్న భయం లేని, పాత నవ్వు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ వెనక సీట్లో కూచున్నారు. నేను దారికేసి చూస్తూ, చెవులు మాత్రం వెనక్కి పెట్టుకుని నడుపుతున్నాను.

"ఏమండీ."

"ఊఁ."

"ఆరేళ్ళ నుంచీ తెలుసట కదా మీకు."

"ఊఁ."

"ఎలుకలని చెప్పారు. పాపం, నేను బోనులు కూడా కొన్నాను."

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆవిడ ఆయన మోచేతి మీద తట్టింది.

"ఇంకేం తెలుసు మీకు, నేను చెప్పనివి?"

మావయ్య ఆలోచించారు. తొందరపడి మాట్లాడే మనిషి కాదుగా.

"ఎడమ మోకాలు," అన్నారు. "మెట్లెక్కేటప్పుడు. రెండేళ్ళయింది."

సిగ్నల్ దగ్గర ఆపాను. ఎర్రలైటు పోయి పచ్చలైటు పడింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు.

"కుడిది కూడానండీ," అంది అత్తయ్య.

బండి వెనక్కి తిప్పి, మళ్ళీ హాస్పిటల్ దారి పట్టాను.